మెయిల్ రాలేదంటే, చివరిగా తీసుకున్న సర్వర్ ఏది?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఆన్‌లైన్ మోసాల గురించి, ఓటీపీల గురించి పత్రికల్లో తరచూ చదువుతున్నాం. చిన్న, మధ్యతరహా వ్యాపారాలను రోజూ సతాయించే ఇంకో సంగతి మాత్రం వార్తల్లోకి ఎక్కదు. ఆర్డరు మెయిల్ పంపామని అవతలివాళ్లు అంటారు. రాలేదని ఇవతలివాళ్లు అంటారు. ఈలోగా కొటేషన్ గడువు దాటిపోతుంది. వెబ్‌సైట్ చేసినవాళ్లను అడిగితే హోస్టింగ్ వాళ్లను అడగమంటారు, హోస్టింగ్ వాళ్లు మెయిల్ కంపెనీని అడగమంటారు, మెయిల్ కంపెనీ తమ వైపు అంతా సవ్యంగానే ఉందంటుంది. ఆఖరికి యజమాని విసిగిపోయి ఇంకో మెయిల్ ప్లాన్ కొంటాడు. చిక్కు ఎక్కడిదక్కడే ఉంటుంది, పైగా మధ్యలోకి కొత్త సర్వర్ ఒకటి వచ్చి చేరుతుంది.

మెయిల్ గాలిలో కలిసిపోదు. సర్వర్లు మాట్లాడుకునే ఎస్ఎంటీపీ పద్ధతిలో, మెయిల్ మొత్తం అందుకుని 250 అని జవాబు చెప్పిన సర్వర్‌దే ఆ క్షణం నుంచి బాధ్యత. దాన్ని ముందుకు చేర్చాలి, లేదా చేర్చలేకపోయానని పంపినవాళ్లకు కబురు చెయ్యాలి. కాబట్టి తప్పెవరిదని తగువులాడుకునే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ మెయిల్‌కు చివరిగా 250 చెప్పిన సర్వర్ ఏది? అది తేలితే సగం పని అయినట్టే. మిగతా సగం ఆ సర్వర్ లాగ్‌లో, అంటే జరిగిన ప్రతి పనినీ అది రాసుకునే చిట్టాలో ఉంటుంది.

బౌన్స్ మెయిల్, అంటే చేరలేదని పంపినవాళ్లకు తిరిగొచ్చే కబురు, వచ్చి ఉంటే అదృష్టం అనుకోవాలి. మనవాళ్లు దాని మొదటి రెండు లైన్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు, అసలు సంగతేమో కింద ఉంటుంది. అక్కడ రిపోర్టింగ్ ఎంటీఏ (ఎంటీఏ అంటే మెయిళ్లు చేరవేసే సర్వర్) అని ఒక పేరు కనిపిస్తుంది. ఈ బౌన్స్ రాసింది, అంటే మెయిల్‌ను చేతిలో పెట్టుకుని ముందుకు పంపలేకపోయింది ఆ సర్వరే. రిమోట్ ఎంటీఏ అన్నది దాన్ని కాదన్న సర్వర్. డయాగ్నస్టిక్ కోడ్ ఎదురుగా ఉన్నది ఆ కాదన్న సర్వర్ చెప్పిన మాట, యథాతథంగా. ఆ మాట 4తో మొదలైతే తాత్కాలికం, పంపే సర్వర్ మళ్లీ ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే ఇక ప్రయత్నించదు. 5.1.1 అంటే ఆ పేరుతో ఖాతా లేదని. 5.2.2 అంటే పెట్టె నిండిందని. 5.7.1 అంటే అనుమతి లేదని, ఇందులో రిలే నిరాకరణ (ఇతరుల మెయిల్ మోయనని చెప్పడం) నుంచి స్పామ్ అనుమానం దాకా చాలా ఇమిడి ఉంటాయి కాబట్టి పక్కనున్న వాక్యం కూడా చదవాలి. 5.4.6, 5.4.14 కనబడితే మెయిల్ రెండు సర్వర్ల మధ్య గిరగిరా తిరుగుతోందని అర్థం.

బౌన్స్ రాకపోవడం కూడా ఒక కబురే. అప్పుడు మామూలుగా రెండు దారులు. మెయిల్ ఏదో సర్వర్ క్యూలో ఇంకా వేచి ఉండాలి, లేదా ఎవరూ తెరవని పెట్టెలోకి నిక్షేపంగా చేరిపోయి ఉండాలి. క్యూ సంగతి చాలామందికి తెలియదు. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ మామూలుగా 5 రోజులు ప్రయత్నిస్తుంది, ఆలస్యమవుతోందని పంపినవాళ్లకు మధ్యలో హెచ్చరిక మాత్రం పంపదు, ఎందుకంటే దాని డిలే వార్నింగ్ టైమ్ సెట్టింగ్ మొదట్లో సున్నా. సోమవారం పంపిన టెండరు పత్రం చేరలేదని శనివారం తెలుస్తుంది. ఆ సెట్టింగ్‌ను 4 గంటలకు మార్చుకుంటే సోమవారం మధ్యాహ్నానికే తెలిసిపోతుంది. ఆఫీసులోనే పెట్టుకున్న మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ 2 రోజులకు, వాళ్ల ఆన్‌లైన్ సేవ ఒక్క రోజుకు చేతులెత్తేస్తాయి.

ఎవరూ తెరవని పెట్టె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మన ఊళ్ల వ్యాపారాల్లో తరచుగా తగిలే జబ్బు ఇదే కాబట్టి. ఒక సంస్థ మొదట్లో వెబ్‌సైట్‌తో పాటు వచ్చిన సీప్యానెల్ (వెబ్‌సైట్ నిర్వహించుకునే ప్యానెల్) హోస్టింగ్‌లోనే మెయిల్ ఖాతాలు పెట్టుకుంటుంది. తర్వాత గూగుల్ వర్క్‌స్పేస్‌కో, మైక్రోసాఫ్ట్ 365కో, జోహోకో మెయిల్ మార్చుకుంటుంది. డీఎన్ఎస్‌లో, అంటే డొమైన్ పేర్ల చిరునామా పుస్తకంలో, మెయిల్ ఏ సర్వర్‌కు పంపాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు కొత్త చోటు చూపిస్తాయి. ప్రపంచం మొత్తం కొత్త చోటికే పంపుతుంది, ఆ పాత హోస్టింగ్ సర్వర్ తప్ప. ఆ డొమైన్ నాదేనని దాని లోపలి పట్టికలో ఇంకా రాసి ఉంటుంది కనుక అది ఎంఎక్స్ వంక చూడనే చూడదు. ఇల్లు మారిన కుటుంబం ఉత్తరాలను అందరూ కొత్త ఇంటికి చేరుస్తుంటే, పాత వీధి పోస్టుమాన్ ఒక్కడూ పాత గుమ్మంలోనే పడేసి వెళ్లినట్టు ఉంటుంది వ్యవహారం.

దీని లక్షణాలు తేలిగ్గానే దొరుకుతాయి. వెబ్‌సైట్‌లోని సంప్రదింపు ఫారం నింపితే నింపినవాళ్ల జీమెయిల్‌కు 'మీ వివరాలు అందాయి' అని జవాబు వస్తుంది, సంస్థకు మాత్రం ఏమీ రాదు. సాఫ్ట్‌వేర్ పంపే బిల్లు కాపీలు కస్టమర్లకు చేరతాయి, సొంత అకౌంట్స్ విభాగానికి చేరవు. ఇంకో లక్షణం మరీ బుర్ర తినేస్తుంది: ఎక్కడో ఒక సప్లయర్ మెయిళ్లు మాత్రమే రావు, మిగతా అందరివీ వస్తాయి. ఆ సప్లయర్ వెబ్‌సైట్, మెయిల్ రెండూ అదే షేర్డ్ హోస్టింగ్ సర్వర్‌లో ఉంటాయి. వాళ్లు పంపిన మెయిల్ ఆ సర్వర్ గడప దాటదు. పాత ఖాతా చెరిపేసి ఉంటే వెంటనే 'అలాంటి యూజర్ ఇక్కడ లేరు' అని 550 బౌన్స్ వెళ్తుంది. చెరపకపోతే ఆ పాత పెట్టెలో నెలల తరబడి పోగుపడుతూ ఉంటుంది. రెండో దానికంటే మొదటిదే నయం, కనీసం ఒకరికైనా తెలుస్తుంది.

సరిచేయడం సులువు. సీప్యానెల్‌లో ఇమెయిల్ రూటింగ్ అనే పేజీ ఉంటుంది. అక్కడ లోకల్ మెయిల్ ఎక్స్ఛేంజర్ అని ఉన్నదాన్ని రిమోట్ మెయిల్ ఎక్స్ఛేంజర్‌గా మార్చాలి. ఆటోమేటిక్ అనే వీలు కూడా ఉంటుంది గానీ, డీఎన్ఎస్ వేరే చోట నడుస్తున్నప్పుడు దాన్ని నమ్ముకోకుండా చేత్తో రిమోట్ అని పెట్టుకోవడం మేలు. సర్వర్ మొత్తం మీ చేతిలో ఉంటే, సీప్యానెల్ వాడే మెయిల్ సాఫ్ట్‌వేర్ ఎగ్జిమ్‌కు బీటీ ఆప్షన్ ఇచ్చి ఆ చిరునామా అడగండి. మెయిల్ పంపకుండానే, పంపితే ఏ దారిన పోతుందో అది చెబుతుంది. జవాబులో మీ కొత్త మెయిల్ కంపెనీ సర్వర్ పేరు కనిపించాలి. వర్చువల్ యూజర్ అనో, లోకల్ డెలివరీ అనో వచ్చిందంటే లోకల్ డొమైన్ల జాబితా ఫైల్లో మీ పేరు ఇంకా మిగిలి ఉందన్నమాట. దాన్ని అక్కడ తీసి రిమోట్ డొమైన్ల ఫైల్లో చేర్చాలి. ఆ తర్వాత చాలామంది మరిచిపోయే పని ఒకటుంది: పాత పెట్టెలు తెరిచి, అందులో చిక్కుకున్న మెయిళ్లను కొత్త ఖాతాలకు తరలించడం. హోస్టింగ్ రద్దు చేశాక ఆ అవకాశం ఉండదు.

వెబ్‌సైట్ ఫారాలతో ఇంకో తంటా కూడా వస్తుంది. ఫారం నింపినవాళ్ల చిరునామానే 'ఫ్రమ్'లో పెట్టి పంపే అలవాటు చాలా సైట్లలో ఉంది. నింపింది యాహూ చిరునామా అయితే, తమ పేరుతో ఇతర సర్వర్ల నుంచి వచ్చేవాటిని తిరస్కరించమని యాహూ 2014లోనే డీమార్క్ (తన పేరు వాడుకున్న దొంగ మెయిళ్లను ఏం చేయాలో డొమైన్ చెప్పే రికార్డు) ద్వారా ప్రకటించింది కాబట్టి ఆ మెయిల్ చేరదు. ఫ్రమ్‌లో సొంత డొమైన్ చిరునామా ఉండాలి, నింపినవాళ్ల చిరునామా 'రిప్లై టు'లోకి వెళ్లాలి.

పోస్ట్‌ఫిక్స్ నడిపేవాళ్ల దగ్గర ఇదే జబ్బు ఏ డొమైన్లు తనవో చెప్పే మైడెస్టినేషన్ అన్న లైన్లో ఉంటుంది. మెయిల్ బయటికి మారాక కూడా డొమైన్ పేరు ఆ లైన్లో ఉండిపోతే, లోకల్ రెసిపియెంట్ టేబుల్‌లో యూజర్ లేడని 550 వస్తుంది. ఒకే డొమైన్‌ను మైడెస్టినేషన్‌లోనూ, వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్లలోనూ రాస్తే పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో హెచ్చరిస్తూనే ఉంటుంది, చదివే నాథుడు ఉండాలి గానీ. ఏ డొమైన్ మెయిల్ ఎటు పోవాలో రాసే ట్రాన్స్‌పోర్ట్ పట్టికలో తదుపరి సర్వర్ పేరు రాసేటప్పుడు దాని చుట్టూ చతురస్ర బ్రాకెట్లు పెట్టడం మరవకూడదు. బ్రాకెట్లు ఉంటే నేరుగా ఆ మెషిన్‌కే వెళ్తుంది. లేకపోతే ఆ పేరుకు ఎంఎక్స్ ఉందేమోనని వెతుకుతుంది, ఆ ఎంఎక్స్ మళ్లీ ఈ సర్వర్‌నే చూపిస్తే 'లూప్స్ బ్యాక్ టు మైసెల్ఫ్' అని లాగ్‌లో రాసి ఆపేస్తుంది. ఫైలు మార్చాక, దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి తెచ్చే పోస్ట్‌మ్యాప్ నడపకపోతే పాత పట్టికే అమల్లో ఉంటుంది. ఈ ఒక్క మరుపు వల్ల రాత్రంతా తెల్లారేదాకా కూర్చున్నవాళ్లు ఈ వృత్తిలో కొల్లలు.

ఇక తిరుగుడు మెయిళ్లు. సంస్థ సగం ఖాతాలను కొత్త చోటికి మార్చి, సగం పాత చోటే ఉంచినప్పుడు ఇది పుడుతుంది. మైక్రోసాఫ్ట్ 365లో ప్రతి డొమైన్‌కూ రెండు స్థితులుంటాయి. అథారిటేటివ్ అంటే ఇక్కడ లేని ఖాతా ఎక్కడా లేనట్టే. ఇంటర్నల్ రిలే అంటే ఇక్కడ లేకపోతే ఇంకో సర్వర్‌లో ఉండొచ్చు, అటు పంపు అని. మార్పు జరుగుతున్నంతకాలం రెండోదే సరైనది. మార్పు పూర్తయ్యాక కూడా అలాగే వదిలేస్తే, పాత సర్వర్ కూడా తనకు తెలియని పేర్లను ఇటు తోసేలా ఉంటే, తప్పు స్పెల్లింగ్‌తో వచ్చిన ప్రతి మెయిల్ రెండింటి మధ్యా చక్కర్లు కొడుతుంది. హద్దు దాటాక ఏదో ఒకటి దాన్ని పడేస్తుంది. ఆ హద్దు పోస్ట్‌ఫిక్స్‌లో మామూలుగా 50 మజిలీలు, సెండ్‌మెయిల్ అనే ఇంకో సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో 25. సూత్రం ఒక్కటే: ఒక డొమైన్‌కు సంబంధించి 'ఈ పేరు లేదు' అని చెప్పే అధికారం ఉన్న సర్వర్ కచ్చితంగా ఒకటి ఉండాలి. రెండింటికీ ఉంటే మెయిళ్లు పోతాయి, ఏ ఒక్కదానికీ లేకపోతే తిరుగుతాయి.

తిరుగుడును పట్టుకోవాలంటే మెయిల్ హెడర్లలో, అంటే మెయిల్‌తో పాటు వచ్చే దారి వివరాల్లో ఉన్న రిసీవ్డ్ లైన్లు చూడాలి. ప్రతి సర్వర్ తన లైన్‌ను పైన చేరుస్తుంది కాబట్టి కింది నుంచి పైకి చదవాలి. రెండే పేర్లు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ కనిపిస్తే లూప్. లూప్ లేకున్నా ఈ లైన్లు పనికొస్తాయి, ఆలస్యం ఎక్కడ జరిగిందో టైముల తేడాలో బయటపడుతుంది. ఒక లైన్లో 10:00 ప్లస్ 0530, దాని పైలైన్లో 04:31 ప్లస్ 0000 అని ఉంటే అయిదున్నర గంటలు పోయినట్టు కాదు, ఒక్క నిమిషమే గడిచింది. ఈ లెక్క తప్పి హోస్టింగ్ వాళ్ల మీద విరుచుకుపడటం తరచూ జరుగుతుంటుంది.

డీఎన్ఎస్ విషయానికొస్తే, మార్చాల్సిన చోట కాకుండా వేరే చోట మార్చడమే పెద్ద పొరపాటు. డొమైన్ కొన్నది ఒకచోట, వెబ్ హోస్టింగ్ ఇంకోచోట, డీఎన్ఎస్ జవాబులిచ్చే నేమ్ సర్వర్లు క్లౌడ్‌ఫ్లేర్ లాంటి మూడో చోట. హోస్టింగ్ ప్యానెల్‌లో కూడా ఎంఎక్స్ మార్చే పేజీ ఉంటుంది, మారుస్తారు, 'విజయవంతం' అని పచ్చ అక్షరాలు వస్తాయి, బయట ప్రపంచానికి మాత్రం ఏమీ మారదు. ముందుగా ఎన్ఎస్‌లుకప్ లేదా డిగ్ అనే కమాండ్‌తో, నేమ్ సర్వర్లు ఎవరివో చెప్పే ఎన్ఎస్ రికార్డు అడగాలి. అందులో ఎవరి పేర్లు వస్తే వాళ్ల ప్యానెల్‌లో చేసిన మార్పే చెల్లుతుంది. తర్వాత ఎంఎక్స్‌ను ఆ నేమ్ సర్వర్‌నే నేరుగా అడగాలి, గూగుల్ పబ్లిక్ డీఎన్ఎస్ 8.8.8.8ను అడిగితే పాత జవాబు కొంతసేపు వస్తూనే ఉండొచ్చు. మెయిల్ మార్చాలనుకున్న రోజుకు కనీసం ఒక రోజు ముందే టీటీఎల్‌ను (జవాబును ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే గడువును) 300 సెకన్లకు దించుకుంటే ఈ పాత జవాబుల బెడద తప్పుతుంది. మార్చిన తర్వాత దించితే ఉపయోగం లేదు.

ఎంఎక్స్‌లో ఐపీ నంబరు రాయకూడదు, పేరే రాయాలి, ఆ పేరు సీనేమ్, అంటే ఇంకో పేరుకు మారుపేరు, కాకూడదు. కొన్ని సర్వర్లు చూసీ చూడనట్టు పోనిస్తాయి, కొన్ని పోనివ్వవు. కొందరి మెయిళ్లే వస్తున్నాయన్న ఫిర్యాదుకు ఇదొక కారణం. ఎంఎక్స్ పక్కనుండే సంఖ్యలో చిన్నదానికే మొదటి వంతు. దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, ముఖ్యమైనదని కొత్త సర్వర్‌కు 50 ఇచ్చి, పాతదాన్ని 10తో వదిలేసినవాళ్లూ ఉన్నారు. సంఖ్య సరిగ్గానే ఇచ్చినా పాత సర్వర్‌ను రెండో ఎంఎక్స్‌గా 'ఎందుకైనా మంచిది' అని ఉంచుకోవడం ఇంకా ప్రమాదం. కొత్త సర్వర్ పది నిమిషాలు అందుబాటులో లేకపోతే మెయిల్ పాతదానికి వెళ్తుంది. అది 250 చెప్పి తన పాత పెట్టెలో వేసుకుంటుంది. బౌన్స్ లేదు, హెచ్చరిక లేదు. రెండో ఎంఎక్స్ అసలు లేకపోతే పంపే సర్వరే తన క్యూలో ఉంచుకుని మళ్లీ ప్రయత్నించేది. వెనుక సర్వర్ పెట్టుకోవడం తప్పు కాదు, ముందు సర్వర్‌కు తిరిగి అప్పగించేలా దాన్ని సెట్ చేయకపోవడం తప్పు. అంత ఓపిక లేకపోతే అది లేకుండా ఉండటమే క్షేమం.

డొమైన్ పేర్లే మారుతున్న కాలం కాబట్టి ఒక మాట. బ్యాంకులు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ పేర్లకు మారడానికి రిజర్వ్ బ్యాంకు 2025 అక్టోబర్ 31ని గడువుగా పెట్టింది. ఆ పేర్లు ఇచ్చే బాధ్యత హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీది. మోసాలు తగ్గించడానికి ఇది మంచి పనే. అయితే పాత బ్యాంకు చిరునామాల మీద రాసుకున్న నియమాలు మన సర్వర్లలో చాలానే ఉంటాయి. ఫలానా చిరునామా నుంచి వస్తే అకౌంట్స్ ఫోల్డర్‌కు పంపు, ఫలానా డొమైన్‌కు స్పామ్ పరీక్ష వద్దు అని. పంపే పేరు మారితే ఆ నియమం పనిచేయదు, స్టేట్‌మెంట్ స్పామ్ ఫోల్డర్లోకి జారిపోతుంది. బ్యాంకు పంపలేదనుకుంటాం. ఇలాంటి నియమాల జాబితా ఒకసారి తిరగేసి కొత్త పేర్లు చేర్చుకోవాలి. అలాగే మన సంస్థే పేరు మార్చుకుంటే పాత డొమైన్‌ను కొన్నేళ్లపాటు రెన్యువల్ చేస్తూ, దాని ఎంఎక్స్ కొత్త సర్వర్‌కే చూపిస్తూ ఉంచాలి. గడువు తీరిన పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాళ్లు ఎంఎక్స్ పెట్టుకుంటే మన పాత చిరునామాలకు వచ్చే ఇన్‌వాయిస్‌లూ, పాస్‌వర్డ్ మార్పు లింకులూ వాళ్లకే వెళ్తాయి. ఏడాదికి రెన్యువల్ ఖర్చు చూసుకుని పాత పేరు వదులుకోవడం అన్యాయమైన పొదుపు.

తెలుగు అక్షరాల్లో చిరునామా పెట్టుకోవాలన్న ముచ్చట ఉన్నవాళ్లకు కూడా ఒక సాంకేతిక హద్దు ఉంది. డాట్ భారత్ డొమైన్లు తెలుగు లిపిలోనూ ఉన్నాయి, డొమైన్ వరకు ఇబ్బంది లేదు. కానీ ఎట్ గుర్తుకు ముందున్న పేరు కూడా తెలుగులో ఉంటే, దారిలో ఉన్న ప్రతి సర్వరూ ఇతర లిపుల చిరునామాలను మోసే ఎస్ఎంటీపీ యూటీఎఫ్8 తెలుసని పలకరింపులోనే ప్రకటించాలి. ఒక్కటి ప్రకటించకపోయినా మెయిల్ వెనక్కి వస్తుంది. అందుకని దానికి జోడీగా ఇంగ్లిష్ అక్షరాల చిరునామా ఒకటి ఉంచుకుని, రెండూ ఒకే పెట్టెకు చేరేలా పెట్టుకోవాలి.

బయటికి వెళ్లే మెయిళ్ల సంగతి క్లుప్తంగా చెబుతాను, దీని గురించి కాస్తో కూస్తో ప్రచారం ఉంది కనుక. క్లౌడ్‌లో సర్వర్ తీసుకున్నవాళ్లకు మొదట అడ్డుపడేది సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే 25వ పోర్టు. గూగుల్ క్లౌడ్‌లో బయటి చిరునామాలకు అది మామూలుగా మూసి ఉంటుంది. అమెజాన్‌లో మూసి ఉంటుంది గానీ దరఖాస్తు చేసుకుంటే తెరవొచ్చు. అలాంటి చోట 587వ పోర్టు మీదుగా, మన మెయిల్‌ను ముందుకు చేర్చే రిలే సేవ వాడుకోవడమే మార్గం. లాగ్‌లో కనెక్షన్ టైమ్డ్ ఔట్ అని అన్ని డొమైన్లకూ వస్తుంటే తప్పు అవతలివాళ్లది కాదని గ్రహించాలి. తర్వాతది పీటీఆర్, అంటే ఐపీ నంబరు నుంచి పేరుకు వెళ్లే రికార్డు. దీన్ని డొమైన్ ప్యానెల్‌లో ఎంత వెతికినా దొరకదు, ఐపీ ఇచ్చిన ఇంటర్నెట్ కంపెనీయో క్లౌడ్ కంపెనీయో పెట్టాలి. పాత తరహా ఐపీ నంబరు ఐపీవీ4కు పెట్టించుకుని కొత్త తరహా ఐపీవీ6ను మరిచిపోతే, సర్వర్ ఐపీవీ6 దారిన వెళ్లినప్పుడల్లా జీమెయిల్ తిప్పి కొడుతుంది, ఐపీవీ4లో వెళ్లినప్పుడు తీసుకుంటుంది. ఈ 'ఒకసారి పోతుంది, ఒకసారి పోదు' చూసి జనం గ్రహబలం అనుకుంటారు.

మన పేరుతో మెయిల్ పంపే అనుమతి ఏ సర్వర్లకు ఉందో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక డొమైన్‌కు ఒక్కటే ఉండాలి. గూగుల్ వాళ్లు ఇచ్చింది ఒకటి, బల్క్ మెయిల్ కంపెనీ ఇచ్చింది ఒకటి అని రెండు విడివిడిగా పెడితే రెండూ చెల్లవు. ఒక్కదానిలోనే కలిపి రాయాలి, అందులోని డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. జీమెయిల్ ఖాతాలకు పంపేవాళ్లందరికీ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం), సరైన పీటీఆర్ ఉండాలని, రోజుకు 5000కు మించి పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలని 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ నిబంధన పెట్టింది. సంస్థ మెయిల్‌ను సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ పెట్టుకునే యజమానులకు మరో ముక్క. ఫార్వర్డ్ చేసిన సర్వర్ ఐపీ అసలు పంపినవాళ్ల ఎస్‌పీఎఫ్‌లో ఉండదు. డీకిమ్ సంతకం లేని మెయిళ్లు ఆ దారిలో రాలిపోవచ్చు. ఫార్వర్డ్ మానేసి, ఫోన్‌లో ఆ ఖాతానే జోడించుకుంటే సరి.

లోపలికి వచ్చే మెయిళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతే చూడాల్సిన వింత కారణం ఒకటుంది. స్పామ్‌హౌస్ లాంటి నిరోధ జాబితాలను వాడే సర్వర్, డీఎన్ఎస్ ప్రశ్నలను 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (డీఎన్ఎస్ జవాబులు వెతికిపెట్టే సర్వర్) ద్వారా అడిగితే, స్పామ్‌హౌస్ 127.255.255.254 అని జవాబిస్తుంది. 'మీరు తప్పుదారిలో అడుగుతున్నారు' అని దాని భావం. సర్వర్‌కు ఆ భావం తెలియదు, ఏ జవాబు వచ్చినా నేరస్థుడే అనుకుని వచ్చిన ప్రతివారినీ తరిమేస్తుంది. సర్వర్‌లోనే అన్‌బౌండ్ లాంటి రిజాల్వర్ పెట్టుకోవాలి, పోస్ట్‌ఫిక్స్ నిబంధనలో 127.0.0.2 నుంచి 127.0.0.11 వరకు వచ్చిన జవాబులనే లెక్కలోకి తీసుకోవాలని రాయాలి. ఎవరో సలహా ఇచ్చారని రిజాల్వ్ ఫైల్లో ఒక్క లైను మార్చిన మర్నాడే ఈ ఉపద్రవం వస్తుంది, ఆ లైనుకూ మెయిల్‌కూ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టదు.

దారి బాగానే ఉండి బండి ఆగిపోయే సందర్భాలూ ఉంటాయి. 2022 జనవరి 1న ప్రపంచవ్యాప్తంగా ఎక్స్ఛేంజ్ 2016, 2019 సర్వర్లలో మెయిళ్లు క్యూలో ఇరుక్కున్నాయి. వైరస్ తనిఖీ చేసే భాగం తేదీని 2201010001 అనే సంఖ్యగా దాచుకోబోయింది, ఆ గదిలో పట్టే గరిష్ఠ సంఖ్య 2147483647. తనిఖీ కూలిపోయింది, తనిఖీ కాని మెయిల్ ముందుకు కదల్లేదు. ఆ ఉదయం డీఎన్ఎస్ రికార్డులు మార్చుకుంటూ కూర్చున్నవాళ్లకు ఫలితం ఉండదు. అందుకే క్యూ చూడకుండా డీఎన్ఎస్ జోలికి వెళ్లకూడదు. క్యూ చూసే కమాండ్లు ఇవి: పోస్ట్‌ఫిక్స్‌లో మెయిల్‌క్యూ, ఎగ్జిమ్‌లో బీపీ ఆప్షన్, ఎక్స్ఛేంజ్‌లో గెట్ క్యూ. పోస్ట్‌ఫిక్స్‌లో అయితే ప్రతి మెయిల్ పక్కనే ఎందుకు ఆగిందో కారణం రాసి ఉంటుంది. డిస్క్ నిండటం కూడా ఇక్కడే బయటపడుతుంది, 452 4.3.1 అన్న జవాబు దాని గుర్తు. ఆ రెండు ఎక్స్ఛేంజ్ రకాలకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కూడా, ఇంకా వాటి మీద నడుస్తున్న సంస్థలు మారక తప్పదు.

చిన్న మెయిళ్లు పోతూ, అటాచ్‌మెంట్ ఉన్నవి మాత్రం ఆగిపోతుంటే రెండు అనుమానాలు. ఒకటి పరిమాణం. పంపేటప్పుడు ఫైలు మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. పోస్ట్‌ఫిక్స్ మామూలు హద్దు 10240000 బైట్లు, అంటే అసలు ఫైలు సుమారు 7 ఎంబీ దాటితే పోదు.  ఇలాంటప్పుడు 552 అని స్పష్టంగానే జవాబు వస్తుంది. జవాబేమీ రాకుండా కనెక్షన్ మధ్యలో తెగిపోయి, 'మెసేజ్ ఒకటికంటే ఎక్కువసార్లు పంపబడవచ్చు' అని లాగ్‌లో కనిపిస్తే అనుమానం ఫైర్‌వాల్ మీదికి పోవాలి. చాలా బ్రాడ్‌బ్యాండ్ లైన్లలో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 1492 బైట్లు, ఆఫీసు నెట్‌వర్క్‌లో 1500. ఆ తేడా చెప్పే ఐసీఎంపీ కబుర్లను ఫైర్‌వాల్ భద్రత పేరుతో అడ్డుకుంటే పెద్ద ప్యాకెట్లు దారిలోనే మాయమవుతాయి. ఐసీఎంపీని పూర్తిగా మూసేయడం భద్రత కాదు, రూటర్‌లో ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా) పరిమితి పెడితే ఈ బాధ తీరుతుంది.

చివరగా సంస్థలు తమ సాంకేతిక నిపుణులను అడిగి తీసుకోవాల్సినవి. డొమైన్ రిజిస్ట్రేషన్ లాగిన్ సంస్థ పేరునే ఉండాలి, ఆ ఖాతాకు ఇచ్చిన మెయిల్ చిరునామా అదే డొమైన్‌ది కాకూడదు, డొమైన్ ఆగిపోతే ఆ రెన్యువల్ హెచ్చరికా చేరదు. నేమ్ సర్వర్లు ఎవరివి, ఎంఎక్స్ ఎటు, ఆ డొమైన్ పేరుతో మెయిల్ పంపే యంత్రాలు, సాఫ్ట్‌వేర్లు ఏవేవి అన్నది ఒక కాగితం మీద రాసివ్వమనాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, స్కానర్, హాజరు యంత్రం కూడా మెయిళ్లు పంపుతాయి, మెయిల్ మార్చేటప్పుడు గుర్తుకు రానివి అవే. ఫిర్యాదు చేసేటప్పుడు 'రెండు రోజులుగా మెయిల్ రావట్లేదు' అని కాకుండా, పంపిన చిరునామా, అందాల్సిన చిరునామా, తేదీ, నిమిషంతో సహా టైము, వీలైతే మెసేజ్ ఐడీ (హెడర్లలో ఉండే ఆ మెయిల్ గుర్తింపు) ఇవ్వాలి. వాటితో లాగ్‌లో ఆ మెయిల్‌ను వెతకడం అయిదు నిమిషాల పని. వ్యాపార సంఘాలు, చాంబర్లు తమ సభ్యులకు ఈ కాగితం నమూనా ఒకటి తయారుచేసి పంచితే బాగుంటుంది.

లాగ్ ఉండాలి కదా మరి. డెబియన్, ఉబుంటు సర్వర్లలో మెయిల్ లాగ్ మామూలుగా వారానికొకసారి మారుతూ 4 వారాలకే చెరిగిపోతుంది. లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు కంపెనీలకూ వర్తిస్తాయి. లాగ్‌రొటేట్ ఫైల్లో రొటేట్ ఎదురుగా ఉన్న 4ను 26 చేస్తే 182 రోజులవుతుంది.

ఇట్లు,
మెయిల్ సర్వర్ల నిర్వహణలో ఉన్న ఒక పాఠకుడు,
విజయవాడ